కన్నెపెట్ట ఇంకా గుడ్డు పెట్టలేదా? కోసే ముందు ఈ కథ చదవండి



ఈ మధ్య ఏ ఇంటి ముందు కూర్చున్నా ఒకటే మాట. "జూన్‌లో పిల్లలు దిగాయి, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది, పెట్టలు ఇంతింత అయ్యాయి, ఒక్క గుడ్డు లేదు. తిండి దండగ." ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆదివారం చుట్టం వస్తాడు, కన్నెపెట్ట కూరైపోతుంది. గద్ద నుంచి, పిల్లి నుంచి, కొక్కెర తెగులు నుంచి ఏడు నెలలు కాపాడుకొచ్చి, చివరి ఇరవై రోజులు ఆగలేక కత్తి పెడతాం. ఇంటి ఆడవాళ్ల చేతిలో ఆడాల్సిన గుడ్ల డబ్బు అక్కడే ఆగిపోతుంది.

అసలు పెట్ట ఎందుకింత ఆలస్యం చేస్తుంది? నిజం చెప్పాలంటే అది ఆలస్యం చేయడం లేదు. మనం చూస్తున్న గడియారం వేరు, దాని ఒంట్లో నడిచే గడియారం వేరు. ఈ రెండూ ఎక్కడ విడిపోయాయో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మన కోడికి మూలం అడవికోడి. గోదావరికి ఉత్తరాన ఏజెన్సీ అడవుల్లో తిరిగే ఎర్ర అడవికోడే దాని అసలు పూర్వీకురాలు. దక్షిణాన నల్లమల వైపు తిరిగే బూడిదరంగు అడవికోడి వేరే జాతి. అయినా దాని రక్తం కూడా కొంత కలిసిందని 2008లో జన్యు పరిశోధకులు తేల్చారు. మీ కోడి కాళ్లు పసుపుగా ఉంటే ఆ పసుపు ఈ బూడిదరంగు దాని నుంచి వచ్చిందే. అడవికోడి ఏడాదికి పెట్టేది పది పదిహేను గుడ్లు. అదీ ఎక్కువగా ఎండాకాలంలో, ఒక పొదుగుకు సరిపడా పెట్టి కూర్చుంటుంది. దానికి గుడ్డంటే పిల్లే, మన అట్టు కాదు.

మనుషుల దగ్గరకు అది ఎలా వచ్చిందన్నది రైతులం తెలుసుకోవాల్సిన ముచ్చట. థాయ్‌లాండ్‌లో బాన్ నాన్ వాట్ అనే చోట క్రీస్తుపూర్వం 1650కీ 1250కీ మధ్య కాలం నాటి కోడి ఎముకలు దొరికాయి. ఇప్పటివరకు కచ్చితంగా ఇంటి కోడివి అని చెప్పగలిగిన వాటిలో ఇవే పాతవని 2022లో పరిశోధకులు రాశారు. వాళ్ల అంచనా ప్రకారం కోడిని అడవి నుంచి బయటికి లాగింది వరి, చిరుధాన్యాల సాగు. చేను పండింది, గింజ రాలింది, అడవికోడి గట్టు దిగి వచ్చింది. అంటే మనం పట్టుకొచ్చింది తక్కువ, అది వచ్చి చేరింది ఎక్కువ.

అక్కడి నుంచి పడమరకు పోయింది. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ ఇంటి కోళ్ల గురించి రాస్తూ, చలికాలంలో రెండు నెలలు తప్ప ఏడాది పొడుగునా పెడతాయన్నాడు. ఇప్పటికి 2300 ఏళ్లు దాటిన మాట ఇది. ఆ రెండు నెలల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

నాకు ఎక్కువ నచ్చిన మనిషి మాత్రం కొలుమెల్లా. స్పెయిన్‌లో పుట్టి ఇటలీలో సొంత సేద్యం చేసిన రోమన్ రైతు. సేద్యం మీద పన్నెండు పుస్తకాలు రాశాడు, ఎనిమిదో దాంట్లో కోళ్లు. రాసింది క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో. అందులో ఆయన బాధ అచ్చం మనదే. పెట్టలు తొందరగా పెట్టాలంటే ఏం పెట్టాలి? బార్లీ గింజలు సగం ఉడికించి కడుపునిండా పెట్టమన్నాడు, గుడ్డు పెద్దదవుతుంది, తరచుగా వస్తుందని. కన్నెపెట్టకు పొదుగు బుద్ధి పుడితే చిన్న ఈకను ముక్కు రంధ్రాల్లోంచి దూర్చమన్నాడు. చదివి ఆగిపోయాను. మన నాయనమ్మలు చేసింది ఇదే కదా! పొదుగు వదలని పెట్టకు ముక్కులో ఈక దూర్చడం, చల్లనీళ్లలో ముంచి వదలడం మీలో ఎంతమంది చూశారో. రోము నుంచి మనం నేర్చుకున్నామనో, మన దగ్గర వాళ్లు నేర్చుకున్నారనో నేను చెప్పడం లేదు. కోడి ఒకటే, అవసరం ఒకటే, రెండు చోట్లా చెయ్యి అటే పోయి ఉంటుంది. ఈక మంచి వైద్యమా అంటే, కాదనే అంటాను. దానికి నొప్పి. గూడు మార్చి, గుడ్లు తీసేసి, గాలి తగిలే గంప కింద మూడు నాలుగు రోజులు మేత, నీళ్లు పెట్టి ఉంచితే అదే మానుకుంటుంది.

ఇప్పుడు ఆ రెండు నెలల సంగతి. కోడికి నెలలు లెక్క తెలియదు, పగటి పొడుగు తెలుసు. వెలుతురు పెరుగుతుంటే ఒంట్లో గుడ్ల పని మొదలవుతుంది, తగ్గుతుంటే వాయిదా పడుతుంది. 1930లలో ఫ్రాన్స్‌లో జాక్ బెనువా అనే శాస్త్రవేత్త బాతుల మీద పరీక్షలు చేసి, కళ్లు లేని బాతుకు కూడా వెలుతురు సంగతి తెలుస్తుందని చూపించాడు. వెలుతురు పుర్రె ఎముకలోంచే మెదడుకు చేరుతుందన్నమాట. యూరప్ ఉత్తరాన చలికాలం పగలు ఎనిమిది గంటలే, అందుకే అక్కడి కోళ్లు బొత్తిగా ఆపేసేవి. మన దగ్గర డిసెంబర్‌లో కూడా పగలు పదకొండు గంటలు ఉంటుంది, జూన్‌లో పదమూడు. తేడా చిన్నదే, కానీ ఉంది. జూన్ పిల్లకు అయిదు ఆరు నెలలు వచ్చేసరికి నవంబర్, డిసెంబర్. పగలు కుంచించుకుపోయే కాలం. అందుకే అది ఆగి చూస్తుంది. డిసెంబర్ చివరి నుంచి పగలు మెల్లగా పెరగడం మొదలవుతుంది, సంక్రాంతి దాటాక సరిగ్గా మీకు ఓపిక చచ్చేటప్పుడే దానికి కదలిక వస్తుంది.

ఈ రుతువు కట్టును మనుషులు కొంత వదులు చేశారు. ఇంటి కోళ్లలో ఒక జన్యువు మార్పు దాదాపు అన్నిట్లో కనపడుతుంది, రుతువుతో పనిలేకుండా పెట్టడానికి దానికీ సంబంధం ఉందని అనుకుంటున్నారు. యూరప్‌లో ఆ మార్పు జోరందుకున్నది సుమారు వెయ్యేళ్ల కిందట అని 2017లో లెక్కగట్టారు. నాలుగు కాళ్ల జంతువుల మాంసం తినకూడని ఉపవాసాలు అక్కడ చాలా ఉండేవి, అందుకే కోడికీ గుడ్డుకీ గిరాకీ పెరిగి ఉంటుందని వాళ్ల ఊహ.

అసలు పరుగు మొదలైంది మాత్రం వందేళ్ల కిందట అమెరికాలో. ఏ కోడి ఎన్ని పెట్టిందో తెలిసేలా, లోపలికి పోతే తలుపు పడే గూళ్లు వచ్చాయి. అంతకుముందు మంద మొత్తం లెక్కే గానీ కోడి కోడికీ లెక్క లేదు. 1913లో ఆరెగాన్ వ్యవసాయ కళాశాలలో జేమ్స్ డ్రైడెన్ పెంచిన 'లేడీ మెక్‌డఫ్' అనే పెట్ట ఏడాదిలో 303 గుడ్లు పెట్టి పేరు తెచ్చుకుంది. అప్పుడది వింత. ఇవాళ మన ఫారాల్లో తెల్లకోడికి అది మామూలు లెక్క. నాలుగున్నర నెలలకే మొదలుపెట్టి ఏడాదికి మూడు వందలు దాటిస్తుంది. మన దగ్గర ఆ దారి వేసిన వాళ్లలో ముందు చెప్పాల్సింది బి.వి. రావు గారిని. 1971లో వెంకటేశ్వర హేచరీస్, 1982లో గుడ్ల ధర రైతు చేతిలో ఉండాలని నెక్. కానీ తొందరగా, ఎక్కువగా పెట్టే కోడిని ఏరుకుంటూ పోయేసరికి పొదుగు బుద్ధి పోయింది. ఆ కోడి పిల్లను లేపలేదు, కొనుక్కోవాలి.

ఈ రెండిటి మధ్య దారి కోసమే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ తెచ్చింది. గ్రామప్రియ అయిదున్నర నెలలకు, వనరాజా ఆరు నెలలకు అటూఇటూ మొదలుపెడతాయి. మన నాటుకోడి, అసీల్ ఏడు నెలలు, ఒక్కోసారి ఇంకా పైన. ఏడాదికి నాటుది యాభై అరవై, వనరాజా వంద పైన, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. పక్కింటి గ్రామప్రియను చూసి మీ నాటుపెట్టను తిట్టకండి. ఆ గ్రామప్రియ గుడ్లు పొదగాలన్నా మీ నాటుపెట్టే దిక్కు.

టైం దగ్గరపడిందని ఎలా తెలుస్తుంది? పాలిపోయిన జుట్టు ఎర్రబడి పెద్దదవుతుంది. మీరు దగ్గరికి పోతే పారిపోకుండా రెక్కలు కొంచెం దించి చతికిలబడుతుంది. గడ్డివాములో, అటక మీద, మంచం కింద మూలలు వెతుకుతూ గునుస్తుంది. తోక కింద రెండు ఎముకల మధ్య ఒక వేలు పట్టే చోట రెండు వేళ్లు పడితే ఇక రోజుల్లో పని. తొలి గుడ్డుకు రెండు వారాల ముందు నుంచే అది ఎముకల లోపల సున్నం దాచుకుంటుంది. అప్పుడు నత్తగుల్లలు దంచి ఒక చిప్పలో వేరుగా పెట్టండి, కావాల్సినంత అదే తింటుంది. మూడు నాలుగు నెలల పిల్లకు మాత్రం గుడ్ల కోళ్ల దాణా పోయకండి. అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు దెబ్బతింటాయి. తొందరపెట్టి పెట్టించిన గుడ్డు చిన్నదవడమే కాదు, ఒక్కోసారి పెట్టకు పేగు జారుతుంది.

మొదటి గుడ్లు చిన్నగా, ఒక్కోసారి నెత్తురు చారతో వస్తాయి, కంగారు వద్దు. వాటిని వండుకోండి, పొదుగుకు వేయకండి. కన్నెపెట్టలు గుడ్లు పెట్టడానికి మేలు, పొదగడానికి ముదురు పెట్టలు మేలు అని ఆ కొలుమెల్లా కూడా రాశాడు. మన ఊళ్లో ముసలమ్మలను అడిగితే వాళ్లూ అదే చెప్తారు.