లెక్కకు రాని యేడు

పల్లెవీథులలో పిల్లలు దాగుడుమూతలాడుకొనునప్పుడు, తమకంటె మిక్కిలి చిన్నవాడొకడు ఏడ్చుచు వెంటబడగా, వానిని చేర్చుకొని, "వీడు ఆటలో అరటిపండు" అని ముందుగా ఒప్పందము చేసికొని, పిమ్మట వాడు దొరికినను దొంగను చేయక, తమతోపాటు పరుగెత్తనిచ్చెడి మర్యాద తెలుగునాట ఎఱుగనివారుండరు. ఆ చిన్నవాడు ఆటలో నున్నాడు; ఆటలెక్కలో లేడు. ఏడాది తిరిగి కాళ్లకు బలము వచ్చిన పిమ్మట వాడును అందఱివలె దొంగయగును, దొరయగును. అమెరికా దేశపు కళాశాలలలో ఈ యరటిపండు పదవియే ఒక నియమముగా, ఒక హక్కుగా, తుదకు న్యాయస్థానములలో వాదింపబడు ఆస్తిగా పరిణమించిన చరిత్ర కలదు. దానిని వారు రెడ్‌షర్ట్ అందురు.

మనము ఫుట్‌బాల్ అని పిలుచు ఆట వారికి సాకర్. వారి ఫుట్‌బాల్ వేఱు. శిరస్త్రాణములు, భుజకవచములు ధరించిన పదునొకండుగురు, అంతమందినే ఎదుర్కొని, కోడిగ్రుడ్డు వంటి బంతిని నూఱు గజముల మైదానముపై అంగుళమంగుళముగా ముందునకు నెట్టుకొనిపోవు ఆట యది. అందు దేహము దేహమును తాకును; పదునెనిమిదేండ్ల బాలునికిని ఇరువదిరెండేండ్ల యువకునికిని ఎముకల పుష్టిలో నుండు భేదము అక్కడ ప్రాణముతో ముడివడిన భేదమగును. ఈ సంగతి మనస్సున నుంచుకొననిచో, ఒక్క యేడు కొఱకు వారు ఇంతగా తర్కించుట మనకు బోధపడదు. చిరకాలముగా నడచివచ్చిన నియమము ఇది: విద్యార్థి కళాశాలలో చేరిన నాటినుండి ఐదు సంవత్సరముల గడియారము తిరుగనారంభించును, ఆ యైదింటిలో నతడు నాలుగు సీజనులు మాత్రమే పోటీలలో ఆడవచ్చును. మిగిలిన ఆ యొక్క సంవత్సరము, అనగా అభ్యాసము చేయుచు, చదువుకొనుచు, జట్టుతో కలసి భుజించుచు, పోటీలో మాత్రము దిగక గడపు సంవత్సరమే రెడ్‌షర్ట్ సంవత్సరము.

అయితే ఈ లెక్క మొదటినుండి ఉన్నది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దినములలో ఎవడు విద్యార్థి, ఎవడు కాడు అను విచారమే అంతంతమాత్రము. 1896లో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయమున ఆడుచుండిన ఫీల్డింగ్ యోస్ట్ అను యువకుడు, లాఫయెట్ కళాశాలకు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయముతో గొప్ప పోటీ రానుండగా, హఠాత్తుగా లాఫయెట్ విద్యార్థియై, ముప్పదియాఱు ఆటలుగా వరుసగా గెలుచుచున్న పెన్సిల్వేనియా జట్టును 6–4తో ఓడించిన ఆ యాటలో పాల్గొని, కొలది దినములకే తిరిగి వెస్ట్ వర్జీనియాకు చేరుకొనెను. ఊరూరికిని తిరిగి కూలికి కుస్తీపట్టు వస్తాదులవలె, నేడొక కళాశాలకు, ఱేపొక కళాశాలకు ఆడుచు తిరుగువారు ఆ కాలమున నెందఱో యుండిరి. అట్టివారికి ఏండ్ల లెక్కయెక్కడిది?

లెక్క పుట్టినది మృత్యుభీతి నుండి. 1905వ సంవత్సరపు సీజనులో పదునెనిమిదిమంది ఆటగాండ్రు మరణించిరని పత్రికలు ప్రకటింపగా, దేశమంతట కలవరము చెలరేగెను. ఆ సీజను నడుమనే అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించి, ఆటను సంస్కరింపుడని హెచ్చరించెను. ఆ కలవరమునుండియే 1906లో కళాశాలల సంఘ మేర్పడి, 1910 నుండి ఎన్.సి.ఎ.ఎ. అను పేరుతో నేటివఱకు క్రీడల నేలుచున్నది. అదే 1906లో మధ్యపశ్చిమ రాష్ట్రముల విశ్వవిద్యాలయములు, నేడు బిగ్ టెన్ అని పిలువబడు కూటమివారు, తమలో తాము కూడి కఠినమైన కట్టుబాట్లు చేసికొనిరి: క్రొత్తగా చేరినవాడు ఒక సంవత్సరము కళాశాలలో చదివినగాని ఆడరాదు, ఎవడును మూడు సీజనులకు మించి ఆడరాదు. ఆ నాటికి మిషిగన్ విశ్వవిద్యాలయమున శిక్షకుడుగా నున్నవాడు ఎవరనుకొన్నారు? ఆ యోస్టే. మూడేండ్ల నియమము అప్పటికే ఆడుచున్నవారికిని వర్తింపజేయుట అన్యాయమని మిషిగన్‌వారు పట్టుబట్టి, కూటమిని విడిచిపోయి, 1917 వఱకు తిరిగి రాలేదు. ఒక యువకుని క్రీడార్హతకు అవధి యెంత అను ప్రశ్న మొలకెత్తిన దినముననే కలహముతో మొలకెత్తినదని గ్రహించితిమేని, నేటి కలహము మనకు వింతగా తోపదు.

ఇట్లు నియమములు గట్టిపడిన ముప్పదియేండ్లకు, 1937లో, నెబ్రాస్కా రాష్ట్రమున లింకన్ పట్టణమందలి విశ్వవిద్యాలయమున వారెన్ ఆల్ఫ్‌సన్ అను విద్యార్థి తన శిక్షకునియొద్దకు పోయి ఒక విచిత్రమైన కోరిక కోరెను. అతడు ఉన్నతపాఠశాల ముగించిన వెంటనే కళాశాలకు వచ్చినవాడు కాడు. నడుమ కొన్ని సంవత్సరములు గడచిపోయినవి. తన స్థానమున తనకంటె ముందు ఆఱితేఱిన వారనేకులు నిలిచియున్నారు. ఈ యేడు జట్టులో చేరి ఏ ఆటకో చివర రెండు నిమిషములు మైదానమున నిలిచినచో, తన మూడు సీజనులలో నొకటి వ్యర్థముగా ఖర్చగును. కావున, "నన్ను ఈ యేడు అభ్యాసము మాత్రము చేయనిండు, పోటీలో దింపవలదు" అని యతని విన్నపము. శిక్షకుడు ఒప్పుకొనెను. నెబ్రాస్కావారి వర్ణము ఎఱుపు. ముఖ్యజట్టుతో అభ్యాసపు పోరులలో తలపడువారు ఎఱ్ఱచొక్కా తొడుగుకొనెడివారు. రెడ్‌షర్ట్ అను పేరు ఆ చొక్కానుండియే వచ్చినదని నిఘంటుకారుల మాట.

ఆల్ఫ్‌సన్ వేచియుండుట వృథా కాలేదు. మఱుసటి యేడు జట్టులో స్థిరపడి, తమ కూటమిలో మేటి గార్డుగా ఎన్నికై, 1940లో అఖిల అమెరికా జట్టున స్థానము సంపాదించెను. ఆ సీజను ముగింపున, 1941 జనవరి ఒకటవ తేదీన, పసడేనాలోని రోజ్ బౌల్ మైదానమున నెబ్రాస్కా స్టాన్‌ఫర్డ్‌ను ఎదుర్కొని 13–21తో ఓడినది. కాని ఆ మైదానము నెబ్రాస్కావారు తొక్కుటయే అది మొదటిసారి. ఈ కథలో నన్ను ఎల్లప్పుడు ఆకర్షించునది ఫలితముకంటె ఆరంభము. ఏ సంఘమును శాసింపలేదు, ఏ శిక్షకుడును ఒత్తిడి చేయలేదు. తనకింకను పక్వము రాలేదని తానే తెలిసికొన్న యొక యువకుడు, తన కాలమును తానే అడిగి పుచ్చుకొనెను.

ఆ యాచారము వ్యాపించి, 1950ల నాటికి రెడ్‌షర్ట్ అను మాట పత్రికల భాషలో కుదురుకొన్నది. ఆ యేటి జీవితమెట్టిదో తెలియనివారికి అది విశ్రాంతి సంవత్సరమని తోచును. అది యథార్థము కాదు. తెల్లవాఱకముందే లేచి బరువులెత్తవలెను. మధ్యాహ్నము అభ్యాసమున, వచ్చు శనివారము తమవారు ఎదుర్కొనబోవు జట్టు ఎట్లాడునో ఎఱిగి, సోమవారము మొదలు గురువారము వఱకు ఆ శత్రుజట్టు వేషము వేయవలెను. దీనిని స్కౌట్ టీమ్ అందురు. రెడ్‌షర్ట్ కుఱ్ఱవాడు ఒక వారము ఒక ప్రసిద్ధుని పరుగును అనుకరించును; పై వారము మఱియొకని విసురును అనుకరించును. ముఖ్యజట్టువారు తమ బలమంతయు వానిమీదనే పరీక్షించుకొందురు. శనివారము వచ్చునప్పటికి డెబ్బది, ఎనుబది వేలమంది కేకలు వేయుచుండగా, వాడు మైదానపు అంచున నిలిచి చూచును. మన నాటకసమాజములలో ప్రతి పాత్రయు కంఠస్థము చేసి, తెర వెనుక నిలిచి, ఒక్కనాడును రంగమెక్కని కుఱ్ఱవాని స్థితి అది. ఆ యేటి తపస్సు ఫలించినవారు లేకపోలేదు: 2012లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయపు జానీ మాన్‌జెల్, 2013లో ఫ్లోరిడా స్టేట్‌కు ఆడిన జేమిస్ విన్‌స్టన్, అట్టి సంవత్సరము గడపిన వెంటనే ఆడిన తొలి సీజనులోనే, ఆ యేటి మేటి కళాశాల ఆటగానికిచ్చెడి హైస్మన్ బహుమానము నందుకొనిరి.

నియమము మాత్రము ఒక్కచోట నిలువలేదు. మొదటి సంవత్సరపు విద్యార్థులు ముఖ్యజట్టులో ఆడరాదను పాతకట్టుబాటును 1972లో ఎత్తివేసిరి. దానితో మూడు సీజనులు నాలుగైనవి, రెడ్‌షర్ట్ సంవత్సరము సాధారణముగా మొదటి యేటికి జరిగినది. జట్టునకు ఇన్ని విద్యార్థివేతనములే అను పరిమితి 1973లో 105గా ఏర్పడి, పిమ్మట 95కు, 1990ల ఆరంభమున 85కు తగ్గగా, చేతనున్న కొలదిమందిని ఏ యేట ఆడింపవలెను, ఏ యేట దాచవలెను అను గణితము శిక్షకులకు దినకృత్యమయ్యెను. ఇక్కడనే, నా యభిప్రాయమున, దారి తప్పినది. ఆల్ఫ్‌సన్ అడిగి పుచ్చుకొన్న యేడు, క్రమముగా శిక్షకుడు నిర్ణయించి ఇచ్చెడి యేడుగా మాఱెను. విద్యాప్రతిష్ఠ గల ఐవీ లీగ్‌వారు దీనిని మొదటినుండియు అంగీకరింపక, నాలుగేండ్ల చదువునకు నాలుగేండ్ల ఆటయే అని నిలిచిరి.

పాత నియమమునందలి కాఠిన్యము కన్నీరు తెప్పించునది. సీజను చివర జట్టులో నెవరికో కాలు విఱిగి, దాచియుంచిన కుఱ్ఱవానిని ఒక్క ఎత్తుకైన మైదానమున దింపినచో, ఆ యొక్క ఎత్తుతో వాని సంవత్సరమంతయు కరగిపోయెడిది. దీనిని సవరించుటకు 2018లో ఎన్.సి.ఎ.ఎ. వారు, పండ్రెండు ఆటల సీజనులో నాలుగింటివఱకు ఆడినను రెడ్‌షర్ట్ చెడదని శాసించిరి. శిక్షకులు, ఆటగాండ్రు, తల్లిదండ్రులు, అందఱును హర్షించిరి. కాని ఆ నియమము వెలువడిన సీజనుననే క్లెమ్సన్ జట్టులో కెల్లీ బ్రయంట్ అను క్వార్టర్‌బాక్, అనగా బంతి విసరుచు దాడిని నడపువాడు, నాలుగు ఆటలు గడచిన పిమ్మట తన స్థానము ట్రెవర్ లారెన్స్ అను తొలియేటి విద్యార్థికి దక్కగా, ఐదవ ఆటకు నిలువక జట్టును వీడి, తన చివరి సంవత్సరమును భద్రపఱచుకొని, మిస్సోరి విశ్వవిద్యాలయమునకు తరలిపోయెను. క్లెమ్సన్ ఆ యేడు ఒక్క ఆటయు ఓడక జాతీయవిజేత అయినది. బ్రయంట్‌ను నిందించినవారు పెక్కుమంది. నేను నిందింపజాలను. శిక్షకుని చేతిలో నుండిన తాళపుచెవి ఆనాడు ఆటగాని చేతికి వచ్చినది. అతడు తలుపు తెఱచుకొనెను. అంతియే.

పిమ్మట రెండు సంఘటనలు ఈ రెడ్‌షర్ట్ యేటి వెలనే మార్చివేసినవి. మహమ్మారి మూలమున 2020 సీజనును ఎవరి లెక్కలోను చేర్చక ఎన్.సి.ఎ.ఎ. వారు విడిచిరి. ఆ మినహాయింపు, గాయములకిచ్చెడి మినహాయింపులు కలసిరాగా, 2016లో ఒరెగాన్‌లో చేరిన కామ్ మెకార్మిక్ అను ఆటగాడు 2024లో మయామీ జట్టున తొమ్మిదవ యేడు ఆడుచుండెను. ఎన్ని శస్త్రచికిత్సల పిమ్మట నతడట్లు నిలిచెనో తలచుకొన్నచో గౌరవము కలుగును. రెండవది ధనము. 2021 జూలై నుండి ఆటగాండ్రు తమ పేరుప్రతిష్ఠలతో సంపాదించుకొనుటకు అనుమతి లభించెను. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒడంబడికతో కళాశాలలే నేరుగా, తొలి యేట 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు, తమ ఆటగాండ్రకు పంచుటకు వీలైనది. ఇంక ఒక్క సీజను అనగా ఒక్క యేటి జీతము. 2024లో లాస్ వెగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బాక్ మాథ్యూ స్లూకా, తమ జట్టు మూడు ఆటలును గెలిచియుండగా, తనకిత్తుమన్న ధనము అందలేదని మిగిలిన సీజను మానుకొని, రెడ్‌షర్ట్ చాటున ఆ యేటిని నిలుపుకొనెను.

అదే యేడు వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బాక్ డియేగో పావియా, నంబరు ఒకటవ జట్టయిన అలబామాను 40–35తో ఓడించి దేశమును విస్మయపఱచినవాడు, తాను అంతకుముందు రెండేండ్ల చదువు చెప్పెడి జూనియర్ కళాశాలలో ఆడిన సంవత్సరమును ఎన్.సి.ఎ.ఎ. లెక్కలో వేయుట గుత్తాధిపత్య నిరోధక చట్టమునకు విరుద్ధమని నాష్‌విల్ న్యాయస్థానము నాశ్రయించి, 2024 డిసెంబరులో తాత్కాలికముగా గెలిచి, మఱియొక యేడు ఆడి, 2025 హైస్మన్ పోటీలో రెండవవాడుగా నిలిచెను. 2025 సెప్టెంబరున అదే నగరమున మఱికొందఱు ఆటగాండ్రు ఇంకను మూలమునకు పోయి ప్రశ్నించిరి: ఐదేండ్లు అభ్యాసము చేయించుకొని, నాలుగేండ్లే ఆడనిచ్చుట ఏ న్యాయము?

ప్రస్తుత తర్కమంతయు ఈ ప్రశ్నచుట్టే తిరుగుచున్నది. శిక్షకుల సంఘము వారు నాలుగు ఆటల హద్దును తొమ్మిదికి పెంచవలెనని కోరిరి. ఇతరులు, రెడ్‌షర్టే వలదు, ఐదేండ్లకు ఐదు సీజనులు సూటిగా ఇండనిరి. మొదటిది నాకు సమ్మతము కాదు. పండ్రెండింట తొమ్మిది ఆడినవానిని ఆ యేడు ఆడలేదనుట మాటకు అర్థము లేకుండ జేయుట. పైగా తొమ్మిదవ ఆట ముగిసిన మఱునాడు, జట్టు అత్యవసరములో నుండగా, ఎందఱు బ్రయంట్ త్రోవ పట్టుదురో ఊహింపవచ్చును. రెండవదియే సరళము, న్యాయము. అయితే దానికిని వెలయున్నది. జట్టునకు 105 మందియే అను హద్దు ఏర్పడిన ఈ దినములలో, ఇరువదిమూడేండ్లవాడు మఱియొక యేడు నిలిచిన ప్రతిచోట, ఎచ్చటనో ఒక చిన్న ఊరి ఉన్నతపాఠశాలలో పదునెనిమిదేండ్లవానికి పిలుపు రాదు. వానికై న్యాయస్థానమున వాదించువారు లేరు. వాడింకను ఆటగాడే కాలేదు గదా. ఐదేండ్లు ఇచ్చినచో, మహమ్మారి నాటి మినహాయింపులవంటివి వేనిని జోడింపక, ఆ యైదింటికే గట్టిగా కట్టుపడియుండవలెనని నేను కోరుట ఆ బాలుని తలచియే.

అట్టి నియమము నిలిచిననాడు రెడ్‌షర్ట్ అను పదవి ఫుట్‌బాల్ మైదానమునుండి తొలగిపోవును. మాట మాత్రము ఇప్పటికే వేఱొకచోట కాపురము పెట్టినది. పుట్టినరోజు వేసవి చివర వచ్చు పిల్లవానిని తోడివారికంటె చిన్నవాడగునని ఒక యేడు ఆపి కిండర్‌గార్టెన్‌లో చేర్చుటను ఆ దేశమున రెడ్‌షర్ట్ చేయుట అందురు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెక్కింటికి ఈ మాట ఆటవలనగాక బడివలననే పరిచయము. ఇక అభ్యాసమైదానములలో ఎఱ్ఱచొక్కా నేటికిని కనబడును. పెక్కు జట్లలో దానిని ముఖ్యుడైన క్వార్టర్‌బాక్ ధరించును, అతనిని ఎవరును తాకరాదని గుర్తుగా.