గేరు పక్కన చిన్న మూత

చాలా ఆటోమేటిక్ కార్లలో గేరు లివర్ పక్కన చిటికెన వేలి గోరంత మూత ఒకటి ఉంటుంది. బ్యాటరీ చచ్చి, లివర్ ‘పి’ (పార్క్) దగ్గర బిగుసుకుపోయి, బండిని నాలుగడుగులైనా పక్కకు నెట్టాల్సి వచ్చినప్పుడే దాని అవసరం తెలుస్తుంది.

మొదట్లో అసలు ‘పార్క్’ అనేదే లేదు. 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కారుతో వచ్చిన హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజన్ ఆపి రివర్స్‌లో పెడితే బండి కదిలేది కాదు. గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే షాఫ్ట్ పళ్ల మధ్య ఇనుప కొక్కెం పడే ఏర్పాటు తర్వాత వచ్చింది. ఆ కొక్కేనికి లివర్ ఉందిగానీ, లివర్‌కు తాళం లేదు.

ఆ తాళం వేయించింది ఆడి 5000 కారు గొడవ. లివర్‌ను పార్క్ నుంచి తీయగానే కారు దూసుకుపోతోందని అమెరికాలో ఫిర్యాదులొచ్చాయి. 1986 నవంబరులో సీబీఎస్ ‘60 మినిట్స్’ కార్యక్రమంలో యాక్సిలరేటర్ పెడల్ తనంతట తానే కిందికి దిగడం జనం చూశారు. గేర్‌బాక్స్‌కు బెజ్జం వేసి, గాలి పంపి అలా దింపారన్న సంగతి ఆ తర్వాత బయటపడింది. ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది: 1985లో అక్కడ 74 వేల కార్లు అమ్మిన ఆడి, 1991లో 12 వేల దగ్గర ఆగింది. బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమే ఎక్కువ కేసులకు కారణమని ప్రభుత్వ నివేదిక 1989లో తేల్చింది.

తప్పు బండిది కాదని వాదిస్తూనే ఆడి బండిని మార్చింది. బ్రేక్ తొక్కితేగానీ లివర్ కదలకుండా తాళం పెట్టింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. పిల్లలు ఆడుతూ లివర్ లాగేసి ప్రమాదాలు జరుగుతుండటంతో 2008లో అమెరికా దాన్ని చట్టంలోకే ఎక్కించింది.

తాళాన్ని విడిపించేది కరెంటు. బ్రేక్ తొక్కారన్న కబురు చాలా కార్లలో బ్రేక్ లైట్ల స్విచ్ నుంచే వెళ్తుంది. అందుకే లివర్ ఇరుక్కుంటే మొదట, బ్రేక్ తొక్కినప్పుడు బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడాలి. పోయింది ఒక్క ఫ్యూజే కావచ్చు. కరెంటే లేకపోతే? ఆ గండానికే మూత కింద మీట పెట్టారు. అమెరికా నిబంధనలు దాన్ని అనుమతిస్తూ ఒక మెలిక పెట్టాయి: తాళంచెవి లేకుండా పనిచేసే మీటైతే పైనుంచి కనిపించకూడదు, మూత స్క్రూడ్రైవర్ లాంటి పనిముట్టుతోనే రావాలి. ఈ మెలిక నాకు నచ్చుతుంది. పసివాళ్లకు దొరకదు, అవసరమున్న పెద్దవాళ్లకు దొరుకుతుంది.

మీట వాడేముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగాలి, బ్రేక్ మీద కాలు ఉంచాలి. కొక్కెం లేచాక బండిని ఆపేవి ఆ రెండే. మూత తీసి, లోపలి మీటను నొక్కిపట్టి, లివర్‌ను ‘ఎన్’ (న్యూట్రల్)లోకి జరపాలి.

మన దగ్గర 2014లో సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్) గేర్‌బాక్సుల్లో సాధారణంగా ‘పి’ ఉండదు కాబట్టి ఈ చిక్కూ లేదు. సీవీటీ, టార్క్ కన్వర్టర్ లాంటి, ‘పి’ ఉన్న ఆటోమేటిక్ కార్లకే ఇది. అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒకరి వెనక ఒకరు కార్లు పెట్టుకునేచోట, ఆపేసిన కారును నెట్టేందుకు వీలుగా న్యూట్రల్‌లో వదలడానికీ ఈ మీటే దిక్కు. లివర్ పోయి గుండ్రటి నాబ్ వచ్చిన కొత్త కార్లలో ఈ మూత వెతికితే సాధారణంగా దొరకదు. కొన్నింటిలో లాగడానికి పట్టీ దాచి ఉంచారు. కొన్నింటికి మరో బండి నుంచి జంపర్ కేబుల్‌తో కరెంటు అందిస్తేగానీ పార్క్ వదలదు.