ఇంజనీరు గారూ, మీ ముద్ర ఏదీ?

మా పెరట్లో ఓ పందిరి వేయిద్దామనుకున్నాం. తాటాకు పందిరి కాదు లెండి, ఇక్కడ టెక్సాస్‌లో పాటియో కవర్ అంటారే, అది. నాలుగు స్తంభాలు, పైన కప్పు. వారాంతమంతా కూర్చుని కంప్యూటర్లో బొమ్మ గీశా. త్రీడీలో తిప్పి తిప్పి చూసుకుని మురిసిపోయా. తీరా పర్మిట్ కోసం తీసుకెళ్తే కౌంటర్లో ఆవిడ రెండు నిమిషాలు చూసి, "గాలి లెక్కలేవి? ఇంజనీరు ముద్ర ఏది?" అంది.

"నేను ఇంజనీర్నేనండీ" అన్నా.

"ఏ ఇంజనీరు?"

"సాఫ్ట్‌వేర్."

ఆవిడ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి పడ్డ కష్టం మాత్రం కనబడింది.

సరే, మనకేం తక్కువ? కాలేజీ హాస్టల్లో నా పక్క గది సివిల్ వాడొకడు ఇక్కడే ఉన్నాడు. పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు, వాడికో గుండ్రటి ముద్ర కూడా ఉంది. ఫోన్ చేసి, "ఒరేయ్, ఆదివారం బిర్యానీకి రా. వచ్చేటప్పుడు ఆ ముద్ర పట్రా" అన్నా. వాడు బిర్యానీకి వచ్చాడు. ముద్ర తేలేదు.

"నేను లెక్క వెయ్యని దాని మీద నా ముద్ర పడదు రా. లైసెన్సు సంగతి అటుంచు, దాని కింద కూర్చునేది మీ పిల్లలు" అన్నాడు, ఇంకో ముక్క వడ్డించుకుంటూ.

ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు వాడికి మ్యాథ్స్ అసైన్‌మెంట్లు చూపించిన వాణ్ణి నేను! ఆ కోపంలోనే, అసలీ ముద్ర గోల ఎవడు మొదలెట్టాడా అని చదవడం మొదలుపెట్టా. చదివేసరికి కోపం పోయింది గానీ, ఇంకోటేదో పట్టుకుంది. అదేంటో చివర్లో చెప్తా.

అబద్ధం చెప్పిన మ్యాపులు

ఏ వంతెనో కూలి, జనం చచ్చిపోయి ఉంటారు, అప్పుడు చట్టం వచ్చి ఉంటుంది అనుకున్నా. మొట్టమొదటిది అలా రాలేదు. 1907లో వయోమింగ్ రాష్ట్రంలో వచ్చింది, కారణం కాలవ నీళ్ళు.

వయోమింగ్ ఎండు ప్రాంతం. అక్కడ నీళ్ళు రాష్ట్రానివి. ఏటి నుంచి కాలవ తవ్వుకోవాలంటే స్టేట్ ఇంజనీర్ ఆఫీసులో మ్యాపుతో సహా అర్జీ పెట్టాలి. అప్పటి స్టేట్ ఇంజనీర్ క్లారెన్స్ జాన్స్టన్. ఆయన దగ్గరికొచ్చే మ్యాపులు ఎవరు పడితే వాళ్ళు గీసినవే. లాయర్లు, నోటరీలు కూడా గీసి, కింద ఇంజనీరు అని సంతకం పెట్టేసేవారు. కాగితం మీది కాలవకీ నేల మీది కాలవకీ పొంతన ఉండేది కాదు. గోదావరి జిల్లాల్లోనో సాగర్ కాలవ కిందో పొలం ఉన్నవాళ్ళకి దీని అర్థం నేను విడమర్చి చెప్పక్కర్లేదు. పైవాడి తూము ఎంత వెడల్పో కిందివాడి చేను అంత ఎండు.

దాంతో చట్టం చేశారు: ఆ ఆఫీసుకి మ్యాపు ఇవ్వాలంటే గీసినవాడికి లైసెన్సు ఉండాలి, అటు ఇంజనీరుకైనా, ఇటు సర్వేయరుకైనా. 1907 ఆగస్టు 8న చార్లెస్ బెల్లమీ అనే ఆయనకి మొదటి లైసెన్సు ఇచ్చారు. (పిడకల వేట: ఈయన భార్య మేరీ బెల్లమీ 1910లో ఆ రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన తొలి మహిళ.) కొద్ది నెలల్లోనే ఆఫీసుకొచ్చే మ్యాపుల తీరు ఆశ్చర్యంగా మారిపోయిందని జాన్స్టన్ రాసుకున్నాడు.

నేను ఆగిపోయింది ఇక్కడే. కొద్ది నెలల్లో జనానికి కొత్తగా తెలివితేటలేం పుట్టుకురావు కదా! మరి మారిందేమిటి? కాగితం కింద, రేపు పిలిచి అడగడానికి వీలైన ఒక మనిషి పేరు వచ్చింది. అంతే.

సర్వేయర్ల కథ ఇంకా పాతది. కాలిఫోర్నియాలో 1891లోనే వాళ్ళకి లైసెన్సు చట్టం వచ్చింది. గట్టు జానెడు జరిగితే రెండు తరాలు మాటల్లేకుండా బతికే కుటుంబాలు మన ఊళ్ళలో ఎన్ని లేవు? హద్దు రాయి ఎక్కడుందో చెప్పేవాడు తప్పు చెప్తే మేడ కూలదు, ఊరు కూలుతుంది. తెలంగాణలో 2025లో భూభారతి చట్టం తెచ్చి, సర్వేయర్లకి శిక్షణిచ్చి లైసెన్సులు పంచడం వెనకా ఇదే తలనొప్పి.

పన్నెండు గంటల ముందు చూసొచ్చారు

జనం చచ్చిపోయాక వచ్చిన చట్టాలూ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌కి ఉత్తరాన సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ అని ఉండేది. 1926లో పూర్తయింది, దాదాపు 200 అడుగుల ఎత్తు. కట్టింది విలియం మల్హాలండ్. ఈయన ఇంజనీరింగ్ చదువుకోలేదు. కాలవల్లో చెత్త తీసే పనితో మొదలై, రాత్రిళ్ళు పుస్తకాలు చదువుకుని, ఆ మహానగరానికి 233 మైళ్ళ దూరం నుంచి నీళ్ళు తెచ్చిన ఘనుడు. ఆయన మాటకి ఎదురు చెప్పేవాడు లేడు. డ్యామ్ కడుతుండగానే ఎత్తు పదేసి అడుగుల చొప్పున రెండు సార్లు పెంచారు, పునాది వెడల్పు మాత్రం పెంచలేదు.

1928 మార్చి 12 పొద్దున డ్యామ్ కాపలాదారు బురద నీళ్ళు కారడం చూసి కబురు పెట్టాడు. మల్హాలండ్ తన సహాయకుడితో వచ్చి, రెండు గంటలు చూసి, ఫరవాలేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి 11 గంటల 57 నిమిషాలకి డ్యామ్ తెగింది. నీళ్ళు 54 మైళ్ళు పరిగెత్తి సముద్రంలో కలిశాయి. కనీసం 431 మంది చనిపోయారు. మొదట పోయినవాళ్ళలో ఆ కాపలాదారూ, అతని ఆరేళ్ళ కొడుకూ ఉన్నారు.

విచారణలో తేలినవి రెండు. ఒకటి, పడమటి గట్టున ఉన్న ఎర్ర రాయి ముక్కని గ్లాసు నీళ్ళలో వేస్తే మెత్తబడి విడిపోయింది. (తూర్పు కొండ ఎప్పుడో జారిన పాత చరియ అన్నది ఇంకా చాలా ఏళ్ళకి గానీ బయటపడలేదు.) రెండోది నాకు ముఖ్యం: ఎంత పెద్ద పేరున్న వాడైనా సరే, ఇంత పెద్ద డ్యామ్‌ని ఒక్కడి నిర్ణయానికే వదిలెయ్యకూడదని జ్యూరీ అంది. మల్హాలండ్ తప్పు ఇంకొకరి మీదికి నెట్టలేదు, తన మీదే వేసుకున్నాడు. మరుసటేడు, అంటే 1929లో, కాలిఫోర్నియాలో డ్యామ్‌ల తనిఖీకి ఒక చట్టం, సివిల్ ఇంజనీర్ల రిజిస్ట్రేషన్‌కి ఒక చట్టం వచ్చాయి.

రాయి సంగతి చెప్పాల్సిన జియాలజిస్టుల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. యుద్ధం తర్వాత లాస్ ఏంజెలెస్‌లో కొండలు చెక్కి ఇళ్ళు కట్టారు. వానలకి చరియలు జారితే 1952లో నగరం మట్టి పనులకి నిబంధనలు పెట్టింది. 1956లో పోర్చుగీస్ బెండ్ దగ్గర కొండ కదిలి వందకి పైగా ఇళ్ళు పోయాయి. (ఆ కొండ ఇంకా ఆగలేదు. 2024లో మళ్ళీ జోరందుకుని కొన్ని ఇళ్ళకి కరెంటు, గ్యాస్ ఆపేశారు.) 1968కి గానీ కాలిఫోర్నియాలో జియాలజిస్టుల లైసెన్సు చట్టం రాలేదు. ఇప్పటికీ అన్ని రాష్ట్రాల్లో అది లేదు.

నేనుండే టెక్సాస్ సంగతి తల్చుకుంటే మనసు చేదైపోతుంది. 1937 మార్చి 18న న్యూ లండన్ అనే ఊళ్ళో బడి పేలిపోయింది. ఖర్చు కలిసొస్తుందని చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాస్‌కి గొట్టం తగిలించుకున్నారు. దానికి వాసన లేదు, కారుతున్నా ఎవరికీ తెలీలేదు. దాదాపు మూడొందల మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలే. ఆ ఏడే టెక్సాస్‌లో గ్యాస్‌కి వాసన కలపాలన్న నిబంధనా, ఇంజనీర్ల లైసెన్సు చట్టమూ వచ్చాయి. మా కౌంటరావిడ అడిగిన ముద్ర పుట్టిల్లు అది.

పాత గొట్టం మీద సెన్సారు

1950 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ ఇంజనీర్లకి చట్టాలొచ్చాయి. పద్ధతి మామూలుగా ఇది: డిగ్రీ, ఒక పరీక్ష, నాలుగేళ్ళు అనుభవం, ఇంకో పరీక్ష, ఆపైన ముద్ర. కానీ దీనికో పెద్ద కన్నం ఉంది. చాలా రాష్ట్రాల్లో కంపెనీలో ఉద్యోగం చేస్తూ కంపెనీ పనే చేసేవాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు. ఇండస్ట్రియల్ ఎగ్జెంప్షన్ అంటారు.

ఆ కన్నంలోంచి జరిగిన ఒక ప్రమాదం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళందరూ చదవాల్సింది. మసాచుసెట్స్‌లో 2018 సెప్టెంబర్ 13న లారెన్స్, యాండోవర్, నార్త్ యాండోవర్ ఊళ్ళలో వరసపెట్టి ఇళ్ళు పేలాయి, తగలబడ్డాయి. పాత ఇనుప గ్యాస్ గొట్టాన్ని వదిలేసి కొత్త ప్లాస్టిక్ గొట్టానికి మార్చే పని జరుగుతోంది. గ్యాస్ ఒత్తిడి చూసే సెన్సార్లు మాత్రం పాత గొట్టం మీదే ఉండిపోయాయి. పాత గొట్టాన్ని విడదీయగానే అందులో ఒత్తిడి పడిపోయింది. సెన్సారు "తగ్గింది, తగ్గింది" అని చెప్తోంది, రెగ్యులేటరు కొత్త గొట్టంలోకి ఇంకా ఇంకా గ్యాస్ తోస్తోంది. పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు చనిపోయాడు.

మనకిది తెలిసిన బగ్గే కదూ? సర్వీసు మైగ్రేట్ చేసి, మానిటరింగ్ పాత సర్వర్ మీదే వదిలెయ్యడం. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ, ఆ పని ప్లాన్ల మీద లైసెన్సున్న ఇంజనీరు ముద్ర లేదని ఎత్తిచూపింది. గ్యాస్ పనులకి ఆ మినహాయింపు తీసెయ్యమంది. ఏడాది ముగిసేలోపు మసాచుసెట్స్ అలా చట్టం చేసేసింది.

మరి మన సంగతి? టెక్సాస్ 1998లోనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లకి లైసెన్సు తలుపు తెరిచింది. 2013లో దేశమంతటికీ పనికొచ్చే పరీక్ష పెట్టారు. 2019లో ఎత్తేశారు. ఈ మధ్యలో ఐదు సార్లు పెడితే మొత్తం రాసింది 81 మంది! మన ఊళ్ళో ట్యూషన్ సెంటర్‌కి కూడా అంతకంటే ఎక్కువ మంది వస్తారు :)

రెండో వైపు

ముద్ర ఉన్నవాడల్లా ధర్మరాజని నేననను. ఆరెగాన్‌లో మాట్స్ యార్ల్‌స్ట్రోమ్ అని ఒకాయన, స్వీడన్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాడు. భార్యకి సిగ్నల్ కెమెరా చలానా వస్తే, పసుపు లైటు ఎంతసేపు వెలగాలన్న సూత్రంలోనే తప్పుందని లెక్క కట్టాడు. ఆ సంగతి చెప్తూ "నేను ఇంజనీర్ని" అని బోర్డుకి రాశాడు. బోర్డు లెక్క సంగతి వదిలేసి, లైసెన్సు లేకుండా ఇంజనీర్ని అన్నందుకు 500 డాలర్లు జరిమానా వేసింది. ఆయన కోర్టుకెక్కి 2018లో గెలిచాడు. 2020లో ట్రాఫిక్ ఇంజనీర్ల సంస్థ ఆ సూత్రాన్ని మార్చుకుంది. జనాన్ని కాపాడ్డానికి పెట్టిన కంచె, లోపలివాళ్ళ పేరుని కాపాడే గోడగా మారడానికి ఎంతోసేపు పట్టదు.

ఇదే మా సివిల్ వాడితో అన్నా. "నిజమే. కానీ ఇంకోటి చెప్పు. మీ మేనేజరు శుక్రవారం సాయంత్రం వచ్చి, రెడీ కాకపోయినా పంపించెయ్ అంటే నువ్వేమంటావ్?" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు.

"నేనైతే, సార్, నా లైసెన్సు పోతుంది, నావల్ల కాదంటా. ఆయన ఇంకోణ్ణి పెట్టుకున్నా వాడూ అదే అంటాడు. పరీక్ష అంతా ఆ ఒక్క మాట కోసమే రా."

వాడికి చెప్పనిది మీకు చెప్తా. కొన్నేళ్ళ క్రితం మందుల దుకాణాలకి సాఫ్ట్‌వేర్ రాసే చోట పనిచేశా. ఓ శుక్రవారం వెయ్యి లైన్ల పైచిలుకు మార్పు రివ్యూకి వచ్చింది. నాలుగు నిమిషాలు కిందికీ పైకీ లాగి, "బాగుంది" అని ఆమోదం నొక్కేశా. అందులో, మందు సీసా మీద అంటించే చీటీలో దశాంశ బిందువు ఎగిరిపోయే తప్పుంది. 0.5 మిల్లీ కాస్తా 5 మిల్లీ అవుతుంది. ఒక దుకాణంలో ఫార్మసిస్టు చీటీ చదివి, ఇదేదో తేడాగా ఉందని ఆపింది. ఎవరికీ ఏం కాలేదు. ఆవిడకి లైసెన్సుంది. నాకు లేదు.

తర్వాత మా రిపోర్టులో "ప్రక్రియలో లోపం" అని రాసుకున్నాం. ఎవరి పేరూ లేదు. పేరు పెట్టి తిట్టడం వల్ల తప్పులు దాచుకుంటారు, అంచేత పేర్లు రాయకూడదు అన్నది మన లోకంలో మంచి పద్ధతే, నేను కాదనను. కానీ ఆ రోజు నా పేరు లేనందుకు నాకెంత హాయిగా అనిపించిందో నాకింకా గుర్తుంది. ఇదంతా చదివాక పట్టుకున్నది అదే. తిట్టడానికి పేరు వద్దు సరే, ముందే "దీన్ని నేను చూశాను" అని చెప్పడానికి కూడా పేరు లేకపోతే ఎలా?

మనందరికీ లైసెన్సు చట్టం రావాలా? నాకంత నమ్మకం లేదు. ఆ 81 మంది లెక్క చూశారుగా. కానీ వయోమింగ్‌లో పనిచేసింది పరీక్ష కంటే పేరు. సెయింట్ ఫ్రాన్సిస్ చెప్పింది, ఒక్క పేరు చాలదు, రెండో జత కళ్ళు కావాలని. అవి రెండూ చేసుకోవడానికి మనకి ఏ ప్రభుత్వ పర్మిషనూ అక్కర్లేదు.

మరుసటి ఆదివారం మా వాడు టేపు పట్టుకుని వచ్చాడు. గంటన్నర కొలిచి, నా త్రీడీ బొమ్మ పక్కన పడేసి, స్తంభాల కింద గుంతలు నేననుకున్న దానికి రెట్టింపు లోతు చెప్పాడు. ఖర్చూ పెరిగింది. బిర్యానీ రెండోసారి పెట్టాల్సొచ్చింది. ముద్ర పడింది.

సోమవారం ఆఫీసుకెళ్ళేసరికి నా కోసం ఓ రివ్యూ ఎదురుచూస్తోంది, తొమ్మిదొందల లైన్లు. మధ్యాహ్నం దాకా చదివా. "ఇది నాకు అర్థం కాలేదు, ఇప్పుడు ఆమోదించలేను" అని రాశా. అవతలి కుర్రాడికి ఒళ్ళు మండే ఉంటుంది. మండనీ.