మారిషస్ చెరుకు తోటల్లో కోరంగి పేరు

మారిషస్ తూర్పు తీరాన బెల్ మార్ అనే ఊరుంది. అక్కడి తెల్లని ఇసుక కోసం వచ్చేవారిలో కొద్దిమందే పాడుపడిన చక్కెర మిల్లు గోడలనూ, ఒడ్డునున్న పాత సున్నపు బట్టీనీ పట్టించుకుంటారు. సముద్రంలోని పగడపు రాయిని అటువంటి బట్టీలలో కాల్చి సున్నం చేసేవారు. చెరుకు రసం కాగేటప్పుడు మలినం విరిగి తెట్టెగా పైకి తేలడానికి మిల్లులలో సున్నం వేసేవారు. మన వైపు బెల్లం వండేవారికి ఈ కిటుకు కొత్తదేమీ కాదు.

పంతొమ్మిదవ శతాబ్ది మధ్యనాటికి ఆ చిన్న ద్వీపంలో 250కి పైగా చక్కెర మిల్లులుండేవి. యంత్రాలు పెద్దవయ్యేకొద్దీ చిన్న మిల్లులు మూతపడ్డాయి. తోటల నడుమ ఒంటరిగా నిలిచిన రాతి పొగగొట్టాలు వాటి గుర్తులే.

ఇంతకూ ఈ శిథిలాలు ఎవరివి? 1835లో అక్కడ బానిసత్వం రద్దయినప్పుడు పరిహారం అందినది బానిసలకు కాదు, యజమానులకు. దాదాపు 20 లక్షల పౌండ్లు. విముక్తులైనవారు తోటలు విడిచిపోగా, ఆ పనికి భారతదేశం నుండి ఒప్పందపు కూలీలను ఓడలకెక్కించారు. 1834 మొదలు 1920 దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా వెళ్ళారు. జీతం నెలకు 5 రూపాయలు. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోత. 1867 చట్టం తరువాత, ఒప్పందం ముగిసినవారు సైతం ఫొటో అంటించిన చీటీ లేకుండా తిరిగితే నిర్బంధమే. 1871లో 9,401 మంది పాత కూలీల పేరిట గవర్నరుకు అర్జీ వెళ్ళిన తరువాతగాని రాజ విచారణ సంఘం రాలేదు.

వారిలో మనవారూ ఉన్నారు. యానాం చేరువలోని కోరంగి రేవున ఓడలెక్కిన కారణాన ఆ ద్వీపంలో తెలుగువారికి 'కోరంగి' అన్న పేరే స్థిరపడింది. 1839 నవంబరు తుపాను ఆ రేవును దెబ్బతీసింది. క్రమంగా ఒండ్రు పూడి, వర్తకం కాకినాడకు తరలింది. రేవు పోయినా పేరు సముద్రం దాటి బతికింది.

కూలీల పూరిళ్ళు రాతి గోడలలా నిలిచేవి కావు. కాని చెరుకు తోటల్లో నేటికీ నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. నేలను సాగుకు తెచ్చేందుకు బానిసలూ, వారి తరువాత కూలీలూ చేతులతో ఏరి పేర్చిన రాళ్ళవి. పొగగొట్టం కంటే అవే వారి అసలైన శిథిలాలని నేననుకుంటాను.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, ఊరు, వరుస సంఖ్య. గుమాస్తాల రాతలో వంకర తిరిగిన ఆ ఊళ్ళ పేర్లను చూడగానే పోల్చుకోగలిగినవారు తెలుగు తెలిసినవారే. ఆ పని మనది.