కెనడాలో వలస విధాన సమాఖ్యీకరణ
విదేశీయుల ఎంపికలోనూ స్థిరనివాసంలోనూ కేంద్రంతో పాటు ప్రావిన్సులకూ క్రియాశీల పాత్ర దక్కిన పరిణామాన్ని కెనడాలో వలస విధాన సమాఖ్యీకరణ అంటారు. దీనిపై రాజకీయ శాస్త్రవేత్త మిరెయ్ పాకే రాసిన గ్రంథం ఫ్రెంచిలో 2016లో, ఇంగ్లీషులో 2019లో వెలువడింది.

1867 రాజ్యాంగ చట్టం 95వ సెక్షన్ వ్యవసాయాన్ని, వలసలను ఉమ్మడి అధికారాలుగా ఉంచింది. వైరుధ్యం వస్తే కేంద్ర చట్టమే చెల్లుతుంది. అయినా క్విబెక్ 1968లో సొంత వలస మంత్రిత్వశాఖ నెలకొల్పే నాటికి మిగతా ప్రావిన్సులు ఈ జోలికి పెద్దగా రాలేదు. కేంద్రంతో 1978లో కుదిరిన కల్లెన్-కుట్యూర్ ఒప్పందంతో క్విబెక్‌కు ఎంపికలో పాత్ర లభించింది. 1991 ఒప్పందంతో ఆర్థిక వలసదారుల ఎంపిక పూర్తిగా దాని చేతికి వచ్చింది.

ఇతర ప్రావిన్సులకు దారి వేరు. మానిటోబా 1998లో ప్రావిన్షియల్ నామినీ పథకం మొదలుపెట్టింది. ఈ పద్ధతిలో ప్రావిన్సు తనకు కావలసిన నైపుణ్యం ఉన్న దరఖాస్తుదారును నామినేట్ చేస్తుంది. ఆరోగ్య, భద్రతా తనిఖీలు, శాశ్వత నివాస హోదా మంజూరు మాత్రం కేంద్రానివే.

పాకే 1990-2010 మధ్యకాలంలో పది ప్రావిన్సుల తీరును పరిశీలించారు. క్విబెక్ ఒత్తిడితోనో కేంద్రం చొరవతోనో ఈ మార్పు పూర్తిగా అర్థం కాదనీ, వలసలను తమ ఆర్థిక, సామాజిక నిర్మాణానికి వనరుగా చూసిన ప్రావిన్సులే దీన్ని ముందుకు నడిపాయనీ ఆమె వాదన.