రాయి సెంటర్ తీర్పు చట్టం ముందు చెల్లుతుందా? గోండుల స్వపరిపాలన ఎలా నడుస్తుంది?

ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల గోండు గూడేల్లో ఆలుమగల గొడవైనా, అన్నదమ్ముల గట్టు తగాదా అయినా మొదట గూడెం పటేల్ దగ్గరికే వస్తుంది. అక్కడ తేలకపోతే రాయి సెంటర్‌కు వెళ్తుంది. లాయర్ ఫీజు ఉండదు, ఏళ్ల తరబడి వాయిదాలుండవు. మరి ఆ పెద్దల మాటకు చట్టం ముందు విలువెంత? నచ్చకపోతే ఏం చేయాలి? ఏజెన్సీలో ఉద్యోగం చేస్తున్నా, అక్కడ స్థలం కొనాలనుకుంటున్నా మీరూ తెలుసుకోవాల్సిన విషయాలివి.

పటేల్, సార్‌మేడి ఎవరు?

గూడేనికి పెద్ద పటేల్. గోండీలో పట్లా అంటారు. చాలాచోట్ల ఇది వంశపారంపర్యంగా వస్తుంది. గ్రామ దేవతల పూజలు దేవారి చూస్తారు. కొన్ని గూడేలకు కలిపి ఒక రాయి సెంటర్ ఉంటుంది. దాని పెద్దను సార్‌మేడి అంటారు. కుటుంబ తగాదాలు, విడాకులు, పెళ్లి ఖర్చులపై కట్టుబాట్లు వంటివి ఇక్కడ చర్చకు వస్తాయి.

ఇందులో కుటుంబం పాత్ర ఏమిటి?

గోండుల్లో ప్రతి ఇంటిపేరూ ఒక సగకు చెందుతుంది. కొలిచే దేవుళ్ల సంఖ్యను బట్టి నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలున్నాయి. ఒకే సగ వారంతా అన్నదమ్ముల వరస. వారి మధ్య పెళ్లి కుదరదు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ పూజలో ఎవరి బాధ్యత ఏమిటి అన్నది ఈ వరసల నుంచే వస్తుంది. కేస్లాపూర్ నాగోబా జాతరను మెస్రం వంశీయులు నిర్వహించడం ఇందుకు ఉదాహరణ. పెద్దల మాటకు బలం కూడా ఇక్కడిదే. తీర్పు కాదంటే కోర్టు జప్తు రాదు, కానీ బంధువుల ముందు నిలబడటం కష్టమవుతుంది.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ప్రాంతాలకు 1996లో పెసా చట్టం తెచ్చారు. సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను, తగాదాలు తీర్చుకునే ఆచార పద్ధతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని సెక్షన్ 4(డి) చెబుతోంది. గూడేన్నే ఒక గ్రామంగా గుర్తించే వీలూ ఇందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి 2011లో నిబంధనలు వచ్చాయి.

రాయి సెంటర్, గ్రామసభ ఒకటేనా?

కాదు. రాయి సెంటర్ ఆచారం మీద నడిచే పెద్దల వేదిక. గ్రామసభలో ఓటర్ల జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ సభ్యులే, మహిళలు సహా. పథకాలకు లబ్ధిదారుల ఎంపిక, అభివృద్ధి పనులకు ఆమోదం, నిధుల వినియోగ ధ్రువీకరణ గ్రామసభ పనులు. భూసేకరణకు ముందు సంప్రదింపులు తప్పనిసరి. సార్‌మేడి సంతకం గ్రామసభ తీర్మానానికి బదులు కాదు.

గ్రామసభ మాట ఎంత దూరం వెళ్లగలదో పొరుగున ఒడిశాలో తేలింది. నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాలపై అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. సమావేశమైన 12 గ్రామసభలూ వద్దన్నాయి. ప్రాజెక్టుకు కేంద్రం అనుమతి నిరాకరించింది.

ఆడపిల్లకు ఆస్తిలో వాటా ఉందా?

అసలు చిక్కు ఇక్కడే. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తేనే వర్తిస్తుంది. కాబట్టి ఆచారమే ఆధారం. పెద్దలుగా కూర్చునేది ఎక్కువగా మగవాళ్లు కావడంతో వాటా అడిగిన ఆడబిడ్డకు ఎదురీత తప్పదు.

ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు కీలక తీర్పు ఇచ్చింది. ఆడవారికి వాటా లేదనే ఆచారం ఉన్నట్లు రుజువు కానప్పుడు వాటా నిరాకరించడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. అంటే ‘మాలో ఇలాగే’ అంటే సరిపోదు, ఆ ఆచారాన్ని నిరూపించాలి.

పెద్దల తీర్పు నచ్చకపోతే?

రాయి సెంటర్ నిర్ణయం కోర్టు డిక్రీ కాదు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటేనే నిలుస్తుంది. ఒప్పుకోని వారు కోర్టుకు వెళ్లవచ్చు. హత్య, అత్యాచారం, పిల్లలపై లైంగిక దాడి వంటివి రాజీతో ముగిసేవి కావు, పోలీసులకు చెప్పాల్సిందే. గృహహింస చట్టం, బాల్యవివాహ నిషేధ చట్టం గిరిజనులకూ వర్తిస్తాయి. ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవవచ్చు, లేదా 15100కు ఫోన్ చేయవచ్చు.

ఏజెన్సీలో గిరిజనేతరులు స్థలం కొనవచ్చా?

కొనకూడదు. 1/70గా పిలిచే నిబంధన ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేస్తే అది చెల్లదు. అమ్మేవారు గిరిజనేతరులైనా ఇదే వర్తిస్తుంది. పటేల్ ఒప్పుకున్నా, పెద్దల సమక్షంలో కాగితం రాసుకున్నా ప్రయోజనం లేదు. ఆచారానికి చట్టం చోటిచ్చింది గిరిజనుల భూమిని, బతుకును కాపాడటానికి. భూమిని చేయి దాటించే ఒప్పందానికి ఆ ఆచారం అండగా నిలవదు.