ఫ్లోరోసిస్ వెన్ను రోగుల్లో శస్త్రచికిత్స ఫలితాలు: నల్లగొండ, మహబూబ్‌నగర్

ఎముకల ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) ముదిరినవారిలో కొందరికి, గ్రంథాల్లో తరచు కనిపించే అంచనా ప్రకారం సుమారు 10 శాతం మందికి, వెన్నుపాము, నరాలు నలిగి కాళ్లు బిగుసుకుపోతాయి. నల్లగొండ పడమటి మండలాలైన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ఈ జబ్బుకు పేరుపడ్డాయి. మహబూబ్‌నగర్‌లోనూ ఫ్లోరైడ్ గ్రామాలున్నా, వైద్య రచనలు నల్లగొండపైనే ఎక్కువ.

దేశంలో ఈ వ్యాధిని పరిశోధకుడు షార్ట్ బృందం 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వర్ణించింది. నల్లగొండలో 1945లోనే భట్లపల్లిలో గుర్తించారని స్థానిక కథనం. రోగుల పరిశీలనతో 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సిద్దిఖీ వ్యాసం అంతకంటే గట్టి ఆధారం. నాడీ సమస్యలపై హైదరాబాద్ శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి రచనలు ముఖ్యం.

గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ బోరునీటిలో కలిసి, ఏళ్ల తరబడి తాగినవారి ఎముకల్లో పేరుకుంటుంది. వెన్నుపూసలు మందమవుతాయి, స్నాయువులు ఎముకగా మారతాయి, వెన్నుపాము ఉండే నాళం ఇరుకవుతుంది. మెడ, వీపు భాగాల్లో ఇది ఎక్కువ. స్నాయువులు ఫ్లోరైడ్ లేకుండానూ ఎముకగా మారతాయి కాబట్టి, ఊరిని బట్టే రోగాన్ని నిర్ధారించడం సరికాదు.

నలిగిన వెన్నుపాముకు చోటివ్వడానికి ఆపరేషన్‌లో పూసల వెనుక పలకలు తొలగిస్తారు. ఎముక గట్టిగా, మందంగా ఉండటం, స్నాయువు వెన్నుపాము పొరకు అతుక్కుపోవడం వల్ల పని కష్టం. నడక తడబడే దశలోనే వచ్చినవారు కోలుకునే అవకాశం మెరుగు. మంచానపడి, మూత్రంపై పట్టు పోయాక చేసిన ఆపరేషన్‌తో ఫలితం తక్కువ. ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి మూత్రపిండాలే గనుక అవి చెడితే రోగం ముదురుతుంది. మధుమేహం ఆపరేషన్ గాయానికి చీము పట్టే ముప్పును పెంచుతుంది. రక్తహీనత, పోషకాహార లోపం ఉంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది.

పేదరికం ఇక్కడ రెండు వైపులా పనిచేస్తుంది. ఎండలో కష్టపడే కూలీ ఎక్కువ నీళ్లు తాగుతాడు, ఆహారంలో కాల్షియం తక్కువ. ఆసుపత్రికేమో చివర్లో వస్తాడు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్ సహా 3 జిల్లాల్లో మొదలైన ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆరోగ్యశ్రీ, ఆసుపత్రి బిల్లు భారాన్ని తగ్గించింది గానీ, పోయిన కూలి డబ్బును తెచ్చివ్వలేదు. వలస వెళ్లే పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీకి నెలల తరబడి ఫిజియోథెరపీ కుదరదు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన తాగునీటి పథకం మిషన్ భగీరథ అందించే కృష్ణా నీళ్లు కొత్త కేసులను తగ్గించగలవు. ఎముకగా మారిన స్నాయువు మాత్రం నీరు మారినంత మాత్రాన మెత్తబడదు.